చదును పాదాలు, యుద్ధవిద్యల పాదరక్షలు: ఒక చారిత్రక పరిశీలన

పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడినప్పుడల్లా మన ఊళ్లలో తల్లిదండ్రుల నోట ఒక ప్రశ్న వినిపిస్తుంది: "మా అబ్బాయి అరికాలు బల్లపరుపుగా ఉంది, వాణ్ణి తీసేస్తారా?" కరాటే, తైక్వాండో, వుషు శిక్షణ పట్టణాలన్నింటికీ పాకిన తరువాత దానికి మరొక ప్రశ్న తోడైంది. "ఈ పాదాలతో మా అమ్మాయి సాధన చేయవచ్చా? చేస్తే ఎటువంటి బూట్లు కొనాలి?" అని అడుగుతున్నారు. రెండు ప్రశ్నల వెనుకా ఉన్నది ఒకే భయం. చదును పాదం బలహీనమైన పాదమని, దానికి ఏదో లోపం ఉన్నదని అనాదిగా స్థిరపడిన నమ్మకం నుండి పుట్టిన భయమిది. ఆ నమ్మకానికి ఒక చరిత్ర ఉన్నది. యుద్ధవిద్యల పాదరక్షలకు వేరొక చరిత్ర ఉన్నది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బూటు ఎంపిక చాలావరకు సులభమవుతుంది.

ముందుగా పాదం గురించి రెండు మాటలు. మానవ పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. మడమ నుండి బొటనవేలి మొదలు వరకు లోపలి వైపున విల్లులా లేచి ఉండే భాగాన్ని వంపు అంటాము. పసిపిల్లలందరి పాదాలూ చదునుగానే కనిపిస్తాయి. అరికాలిలోని కొవ్వు, లిగమెంట్ల మెత్తదనం దీనికి కారణాలు. పదేళ్ల వయస్సు వచ్చేసరికి చాలామందిలో వంపు తేలుతుంది. కొందరిలో తేలదు. అటువంటి వారిలో అధికసంఖ్యాకులకు మునివేళ్ల మీద నిలబడగానే వంపు ప్రత్యక్షమవుతుంది. దీనిని వంగే స్వభావం గల చదును పాదం అంటారు. బరువు మోపినప్పుడు ఈ పాదం పొడవుగానూ వెడల్పుగానూ పరచుకుంటుంది. అందువల్లనే చదును, వెడల్పు తరచుగా జంటగా కనిపిస్తాయి.

మట్టి నేల మీద సాధన

మన దేశంలో యుద్ధవిద్యలకు పాదరక్షల అవసరమే కలగలేదు. ఉత్తరాంధ్రలోని సాముగరిడీలు, తెలుగునాట పలుచోట్ల వెలసిన తాలింఖానాలు, కర్రసాము బరులు, కుస్తీ గోదాలు అన్నీ మెత్తని మట్టి నేల మీదనే నడిచాయి. కేరళలోని కళరిని నేల మట్టానికి దిగువన తవ్వి, మట్టితో అలికి, 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పుతో నిర్మించడం సంప్రదాయం. అక్కడ శిష్యుడు వట్టికాళ్లతో ప్రవేశిస్తాడు. గురువు తాడు పట్టుకొని తన పాదాలతోనే శిష్యుని ఒంటికి నూనె మర్దన చేస్తాడు. పాదమంటే అక్కడ నేలను చదివే ఇంద్రియం, చికిత్స చేసే చేయి కూడా.

చదును పాదాన్ని లోపంగా చూడని దృష్టి కూడా మన నేల మీద ఉండేది. బౌద్ధ వాఙ్మయంలో మహాపురుషునికి చెప్పిన 32 లక్షణాలలో మొదటిది సుప్రతిష్ఠిత పాదం. అంటే అరికాలు అంతా ఒకేసారి సమంగా నేలను తాకి నిలిచే పాదం. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు చెక్కిన బుద్ధపాదాలను గమనించండి. మడమ నుండి వేళ్ల వరకు నిండుగా, వెడల్పుగా, మధ్యలో ఏ నొక్కూ లేకుండా కనిపిస్తాయి. అది ఆరాధన కోసం చెక్కిన ప్రతీక. శరీరశాస్త్ర పటం కాదు. అయినా నిండు అరికాలిని స్థిరత్వానికి గుర్తుగా భావించిన కాలం ఒకటి ఉండేదని చెప్పడానికి అది చాలు.

చాప, గుడ్డ బూటు, పాత బూటు

జపానులో ఇంటిలోపలికి చెప్పులతో వెళ్లరు. నేల మీద తటామి చాపలు పరచి ఉంటాయి. జిగొరో కానో 1882లో టోక్యోలోని ఒక ఆలయంలో 12 చాపల గదిలో కొదోకాన్ జూడో పాఠశాలను ప్రారంభించినప్పుడు శిష్యులు సహజంగానే వట్టికాళ్లతో సాధన చేశారు. 1922లో గిచిన్ ఫునాకోషి ఒకినావా నుండి టోక్యోకు కరాటేను తెచ్చి ప్రదర్శించాడు. ఆ విద్య కూడా వట్టికాళ్లతోనే స్థిరపడింది. నేటికీ కరాటే, జూడో, తైక్వాండో పోటీలు బూట్లు లేకుండానే జరుగుతాయి. కాబట్టి ఈ విద్యలు నేర్చుకొనే చదును పాదాల పిల్లలకు బరిలో బూట్ల సమస్యే లేదు. పరుగు, ఆరుబయటి కసరత్తు, గట్టి నేల మీది అభ్యాసం ఉన్నప్పుడే బూటు ప్రస్తావన వస్తుంది.

చైనా కథ వేరు. అక్కడ సాధన పెరడులో, వీధిలో, ఆలయ ప్రాంగణపు రాతి పలకల మీద జరిగేది. అందుకు గుడ్డ బూటు వాడారు. పాత గుడ్డ పీలికలను జిగురుతో పొరలు పొరలుగా అతికించి, జనపనార దారంతో దగ్గర దగ్గరగా కుట్టి చేసిన అడుగును వెయ్యి పొరల అడుగు అనేవారు. 1853లో బీజింగ్‌లో మొదలైన నేలియన్‌షెంగ్ అంగడి ఈ పనితనానికి నేటికీ ప్రసిద్ధం. ఈ బూటు పలుచగా, చదునుగా ఉంటుంది. మడమ ఎత్తు ఉండదు. కొద్ది రోజుల వాడకంతో గుడ్డ సాగి కాలి ఆకారాన్ని తెచ్చుకుంటుంది. వెడల్పు పాదానికి ఇంతకంటే అనుకూలమైన గుణం లేదు.

బూటు పేరుతోనే ఒక యుద్ధవిద్య వెలసిన దేశం ఫ్రాన్స్. సవాత్ అనే ఫ్రెంచి మాటకు అర్థం పాత బూటు. పారిస్ వీధి పోరాటాలలో బూటు కాలితో తన్నడమే దాని పుట్టుక. మార్సెయ్ రేవులో నావికులు ఆడిన అటువంటి ఆటకు పలుచని చెప్పు పేరే స్థిరపడింది. 19వ శతాబ్ది ప్రథమార్ధంలో మిషెల్ కాసూ, షార్ల్ లెకూర్ అనే గురువులు దీనిని క్రమబద్ధం చేశారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో సవాత్‌ను ప్రదర్శన క్రీడగా చూపారు. ఇప్పటికీ ఇందులో బూటు తప్పనిసరి. తన్ను పాదంతోనే తన్నాలి, మోకాలు వాడరాదు.

మూడు దేశాలు మూడు దారులు పట్టాయి. ఆ తేడాకు కారణం నేల. మట్టి, చాప ఉన్నచోట పాదం వట్టిదిగా మిగిలింది. రాయి ఉన్నచోట గుడ్డ బూటు వచ్చింది. తన్నే ఆయుధం కావలసినచోట తోలు బూటు వచ్చింది. ఎక్కడా పాదపు వంపును చూసి ఎవరూ పాదరక్షను నిర్ణయించలేదు.

రబ్బరు యుగం

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరచే విధానాన్ని కనుగొన్నాడు. దానితో గుడ్డ పైభాగం, రబ్బరు అడుగు గల చవక బూటు సాధ్యమైంది. జపానులో షోజిరో ఇషిబాషి 1920లలో బొటనవేలు విడిగా ఉండే తాబి మేజోడుకు రబ్బరు అడుగు అతికించి జికాతాబిని తయారు చేశాడు. తరువాత బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల సంస్థను స్థాపించినవాడు ఇతడే. జికాతాబిని వాడినది గని కార్మికులు, రైతులు, ఇళ్లు కట్టే కూలీలు. నేడు అంగళ్లలో నింజా బూట్ల పేరుతో అమ్ముతున్నది ఈ కూలీల పాదరక్షే. 1951లో హిరోషిమా యువకుడు షిగెకి తనాకా బోస్టన్ మారథాన్ గెలిచినప్పుడు అతని కాళ్లకున్నవి బొటనవేలు చీలిన తాబి తరహా బూట్లే.

చైనాలో షాంఘై రబ్బరు కర్మాగారాలు గుడ్డ బూటుకు కొత్త రూపం ఇచ్చాయి. 1930లలో వారియర్, 1950ల చివర ఫెయ్యూ పేరిట కాన్వాస్ బూట్లు వచ్చాయి. ఫెయ్యూ అంటే ఎగిరి ముందుకు దూకడం. పలుచని రబ్బరు అడుగు, తక్కువ బరువు, తక్కువ ధర ఉండడంతో వుషు విద్యార్థులు, షావోలిన్ సాధకులు, సర్కసు కళాకారులు వాటిని ఆదరించారు. 2006లో ఫ్రెంచివారు ఆ పేరును ఐరోపాలో నాగరిక వేషంగా అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు మన దేశంలోనూ వుషు నేర్చుకొనేవారి కాళ్లకు ఇటువంటి బూట్లే కనిపిస్తాయి.

రబ్బరు బూటుతో ఒక నష్టం కూడా వచ్చింది. చేతితో కుట్టిన గుడ్డ బూటు కాలికి తగినట్లు సాగేది. యంత్రం మీద, ఒకే అచ్చుపై, చుట్టూ రబ్బరు పట్టీ వేసి కాల్చిన బూటు అడుగు వద్ద అంతగా సాగదు. పొడవుకు అంకెలు ఉంటాయి, వెడల్పుకు సాధారణంగా ఉండవు. వెడల్పు పాదం గలవారు ఒకటి రెండు అంకెలు పెద్ద బూటు కొనుక్కోవడం అలవాటు చేసుకున్నారు. అప్పుడు ముందు భాగం ఖాళీగా మిగులుతుంది. బూటు వంగే చోటూ పాదం వంగే చోటూ కలవవు. గిర్రున తిరిగి తన్నేటప్పుడు కొస నేలకు తగిలి సాధకుడు తూలుతాడు.

అచ్చు, కొలత, వెడల్పు

బూటు తయారీకి ఆధారం లాస్ట్ అనే కొయ్య అచ్చు. ఐరోపాలో ఎత్తు మడమల వాడుక వచ్చిన తరువాత సుమారు రెండు శతాబ్దాలు కుడి, ఎడమ తేడా లేకుండా రెండు కాళ్లకూ ఒకే అచ్చుతో బూట్లు కుట్టేవారు. 19వ శతాబ్దంలోనే కుడి, ఎడమ అచ్చులు మళ్లీ సర్వసాధారణమయ్యాయి. 1858లో జ్యూరిచ్ శరీరశాస్త్ర ఆచార్యుడు హెర్మన్ ఫాన్ మేయర్ బూటుకు సరైన ఆకారమేదో వివరిస్తూ ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. బొటనవేలి మధ్య గీసిన గీతను వెనక్కు పొడిగిస్తే అది మడమ మధ్యకు చేరాలని, మొనదేలిన బూటు ఆ గీతను వంకర చేస్తుందని ఆయన వాదన. నూట అరవై ఏళ్లు దాటినా ఆ మాటకు విలువ తగ్గలేదు.

1920లలో అమెరికాలోని సిరక్యూస్ నగరంలో చార్లెస్ బ్రానక్ అనే బూట్ల వ్యాపారి కుమారుడు ఒక లోహపు కొలత పరికరాన్ని రూపొందించాడు. అది మూడు కొలతలు చూపుతుంది: మడమ నుండి వేళ్ల కొస వరకు పొడవు, మడమ నుండి బొటనవేలి మొదటి కీలు వరకు పొడవు, పాదపు వెడల్పు. చదును పాదం గలవారికి రెండవ, మూడవ కొలతలే ముఖ్యమైనవి. మన అంగళ్లలో ఇప్పటికీ మొదటి కొలతతోనే సరిపెడుతున్నారు. అదే కాలంలో పాదాన్ని ఎక్స్‌రేతో చూపి బూటు అమ్మే యంత్రాలు కూడా అమెరికా, ఐరోపా దుకాణాలలో వెలిశాయి. పిల్లలకూ అమ్మకందారులకూ అనవసరంగా రేడియేషన్ సోకుతున్నదని గ్రహించి 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వాటిని నిషేధించింది. పాదాన్ని కొలవడానికి కాగితం, పెన్సిలు చాలునని ఆ యంత్రాల గతి చెబుతున్నది.

సైన్యం చేసిన ముద్ర, వైద్యం చేసిన దిద్దుబాటు

చదును పాదానికి చెడ్డపేరు తెచ్చినవి సైనిక నియామకాలు. బరువైన బూట్లతో మైళ్ల కొద్దీ నడిచే పదాతి దళానికి చదును పాదం పనికిరాదని 19, 20 శతాబ్దాల సైనిక వైద్యులు భావించారు. మన దేశంలోనూ సైనిక, పోలీసు నియామక ప్రకటనలలో చదును పాదం అనర్హతల జాబితాలో సాధారణంగా కనిపిస్తుంది. నియమం అమలులో ఉన్నంతకాలం అభ్యర్థి దానికి లోబడవలసిందే. అయితే నియమానికీ ఆరోగ్యానికీ మధ్య దూరం ఉన్నదని వైద్యచరిత్ర చెబుతున్నది.

1905లో ఫిలిప్ హాఫ్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు, ఎన్నడూ బూట్లు ఎరుగని ప్రజల 186 జతల పాదాలను పరీక్షించి తన పరిశీలనలను ప్రకటించాడు. వంపు ఎత్తుకూ పాదపు శక్తికీ సంబంధం లేదన్నది ఆయన నిర్ణయం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హారిస్, బీత్ అనే వైద్యులు కెనడా సైన్యంలో 3,600 మందికి పైగా సైనికుల పాదాలను పరిశీలించారు. 1947లో వెలువడిన వారి నివేదిక చదును పాదాలను రకాలుగా విభజించింది. వంగే స్వభావం గల సాధారణ చదును పాదం దృఢమైనదేనని, మడమ వెనుకనున్న అకిలిస్ టెండాన్ బిగుసుకుపోయిన రకం, ఎముకలు అతుక్కొని బిరుసెక్కిన రకం మాత్రమే బాధ పెడతాయని వారు తేల్చారు.

1993లో అమెరికా పదాతి దళ శిక్షణార్థులు 246 మందిపై జరిగిన అధ్యయనం ఇంకొక అడుగు ముందుకు వేసింది. పాదాలు అత్యంత చదునుగా ఉన్న వర్గంలోనే శిక్షణ గాయాలు తక్కువగా కనిపించాయి. వంపు ఎక్కువగా ఉన్నవారికి గాయాలు అధికమయ్యాయి. ఒక్క అధ్యయనంతో నియమాలు మారవు కాని, చదును పాదమంటే గాయాల పాదమన్న మాటను అది గట్టిగా ప్రశ్నించింది.

పిల్లలకు ప్రత్యేక బూట్లు తొడిగితే వంపు వస్తుందా? 1989లో అమెరికాలో డెనిస్ వెంగర్ బృందం 129 మంది పిల్లలను వర్గాలుగా విభజించి, కొందరికి దిద్దుబాటు బూట్లు, కొందరికి ప్రత్యేక ఇన్‌సోళ్లు ఇచ్చి, కొందరికి ఏమీ ఇవ్వకుండా మూడేళ్లు గమనించింది. అన్ని వర్గాలలోనూ వంపు కొంత పెరిగింది, వర్గాల మధ్య తేడా కనిపించలేదు. పెరిగినది వయస్సు వల్లనే తప్ప బూటు వల్ల కాదు.

మన దేశం నుండి వెలువడిన పరిశోధన ప్రపంచమంతటా ఉదహరించబడుతున్నది. 1992లో మణిపాల్‌కు చెందిన ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుండి 13 ఏళ్ల మధ్యనున్న 2,300 మంది పిల్లల అడుగుజాడలను సేకరించారు. పాదరక్షలు వాడే పిల్లలలో 8.6 శాతం మందికి, వాడని పిల్లలలో 2.8 శాతం మందికి చదును పాదాలున్నాయి. వేళ్లను మూసివేసే బూట్లు వేసుకొనేవారిలో అధికంగాను, చెప్పులు వేసుకొనేవారిలో అంతకంటే తక్కువగాను కనిపించాయి. అంతకు ముందే, 1958లో, హాంకాంగ్‌లో జరిగిన అధ్యయనంలో బొటనవేలు పక్కకు ఒరిగిపోయే వైకల్యం బూట్లు వేసుకొనే చైనీయులలో 33 శాతం మందికి, వేసుకోనివారిలో 1.9 శాతం మందికి ఉన్నట్లు తేలింది. ఈ అంకెలు సంబంధాన్ని చూపుతాయి కాని, కారణాన్ని పూర్తిగా నిరూపించవు. అయినా ఇరుకు బూటు విషయంలో జాగ్రత్త పడడానికి ఇవి చాలిన హెచ్చరికలు.

ఈ చరిత్ర బూట్ల అంగడిలో ఎలా ఉపయోగపడుతుంది

మొదటిది, విద్యను, నేలను చూడాలి. చాప మీది సాధనకు బూటు అవసరం లేదు. సిమెంటు, తారు, రాతి నేల మీద సాధనకు, వుషు వంటి విద్యలకు పలుచని చదును అడుగు గల బూటు మంచిది. నేలను మరీ గట్టిగా పట్టే రబ్బరు మంచిది కాదు. శరీరం తిరిగినప్పుడు పాదం నేలకు అతుక్కొని ఉంటే ఆ మెలిక మోకాలికి చేరుతుంది. బూటు వేసుకొని నెమ్మదిగా ముందుపాదం మీద తిరిగి చూసి కొనండి.

రెండవది, నిలబడి కొలవాలి. కూర్చున్నప్పటి చదును పాదం వేరు, బరువు మోపినప్పటి చదును పాదం వేరు. సాయంత్రం, పాదం కొంత ఉబ్బి ఉండే వేళ, కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ గీత గీయండి. పెద్ద పాదాన్నే ప్రమాణంగా తీసుకోండి. బూటులోని ఇన్‌సోల్‌ను బయటకు తీసి ఆ గీతల మీద పెట్టండి. గీత ఇన్‌సోల్ అంచు దాటి బయటకు వస్తే ఆ బూటు మీది కాదు. అంకె పెంచడం దీనికి పరిష్కారం కాదు. వెడల్పు రకంగా గుర్తించిన బూటును, అంటే రెండు ఈ, నాలుగు ఈ వంటి గుర్తులున్నవాటిని, వెతకాలి. పొడవులో బొటనవేలి ముందు ఒక బొటనవ్రేలు వెడల్పంత చోటు మిగిలితే చాలు.

మూడవది, ఆకారం. మేయర్ చెప్పిన గీతను గుర్తుంచుకోండి. లోపలి అంచు తిన్నగా, వేళ్ల భాగం గుండ్రంగా ఉన్న బూటును ఎంచుకోండి. మడమ చుట్టూ పట్టు గట్టిగా ఉండాలి. వంచినప్పుడు బూటు వేళ్ల మొదళ్ల దగ్గరే వంగాలి. లోపల ఎత్తుగా ఉబ్బిన వంపు దిమ్మ నొప్పి లేని చదును పాదానికి అనవసరం. చాలామందికి అదే నొప్పి తెస్తుంది.

నాలుగవది, అలవాటు. ఇంతకాలం మందపాటి స్పోర్ట్స్ షూ వాడినవారు పలుచని బూటుకు ఒక్కసారిగా మారరాదు. మొదట రోజుకు పది, పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచాలి. పిక్క కండరాలను సాగదీయడం, మునివేళ్ల మీద లేచి దిగడం, వేళ్లతో తువ్వాలును దగ్గరకు లాక్కోవడం వంటి వ్యాయామాలు ఏ ఇన్‌సోల్ కంటే తక్కువ కావు.

ఎప్పుడు వైద్యుని చూడాలి

మునివేళ్ల మీద నిలబడినా వంపు కనిపించకపోతే, పాదం పక్కలకు కదపలేనంత బిరుసుగా ఉంటే, సాధన తరువాత చీలమండ లోపలి వైపు నొప్పి, వాపు నిలిచి ఉంటే, పెద్దవారిలో ఒక పాదం మాత్రమే కొత్తగా చదునవుతుంటే ఎముకల వైద్యుని సంప్రదించండి. వీటిలో చివరిది వంపును నిలబెట్టే టెండాన్ దెబ్బతిన్నదనడానికి గుర్తు కావచ్చు. తొలిదశలో గుర్తిస్తే చికిత్స సులభం.

మధుమేహం ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. పాదాలలో తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఉంటే వట్టికాళ్ల సాధన, పలుచని బూటు రెండూ ప్రమాదకరం. తెలియకుండా పడిన చిన్న పుండు పెద్ద ముప్పుగా మారుతుంది. నొప్పి లేకుండానే పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి, ఆకారం మారితే ఆ రోజే వైద్యుని చూడాలి.

నొప్పి లేని, వంగే స్వభావం గల చదును పాదాలున్న బిడ్డను కళరికో, కరాటేకో, కర్రసాముకో పంపడానికి తల్లిదండ్రులు సందేహించవలసిన పని లేదు. ఉద్యోగ నియామక నియమం వేరు, దాని విషయం అక్కడి వైద్యమండలి చూస్తుంది. ఆ నియమాన్ని ఇంట్లోకి తెచ్చి, "నీ కాళ్లు ఇంతే" అని బిడ్డతో అనకండి. కాగితం మీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ గీత గీసి, ఆ గీతకు సరిపోయే బూటు కొనిపెట్టండి.